ప్రాసెసర్ మార్చాక ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు: బోర్డు పోయినట్టేనా?

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని ముందు క్లుప్తంగా ఒకచోట పెడతాను, తేడా ఉంటే సరిదిద్దు. 2012లో మీ నాన్నగారు కొన్న హెచ్‌పీ ల్యాప్‌టాప్. లోపల ఐ3-2350ఎమ్ ప్రాసెసర్, హెచ్‌ఎమ్65 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్). బీటెక్ ప్రాజెక్టుకి ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఈడ్చుకుంటూ నడుస్తోందని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ఐ7-3632క్యూఎమ్ కొని, వీడియో చూసి ఇంట్లోనే మార్చావు. ఇప్పుడు పవర్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటోంది. ఉప్పల్‌లో రిపేర్ షాపులో చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలన్నారు. పాత చిప్ మళ్లీ పెట్టి చూద్దామంటే ఏదైనా విరుగుతుందేమోనని భయపడి ఆగిపోయావు.

బోర్డు పోయి ఉంటుందని నేననుకోను. చాలావరకు ఇది చిప్ ఎంపికలో వచ్చిన తేడా. 3632క్యూఎమ్ మూడో జనరేషన్, అంటే ఐవీ బ్రిడ్జ్. నీ బోర్డు తయారైంది రెండో జనరేషన్ శాండీ బ్రిడ్జ్ కోసం. రెండింటికీ సాకెట్ ఒకటే, జీ2, 988 పిన్నులు. అందుకే ఎక్కడా అడ్డం పడకుండా కూర్చుంది. చిప్ అమ్మిన షాపతను ‘సేమ్ సాకెట్, 35 వాట్లే, వేడి గొడవ ఉండదు’ అన్నాడని రాశావు. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ తాళం చెవి రంధ్రంలో దూరినంత మాత్రాన తాళం తెరుచుకోదు కదా.

లోపల జరిగేది ఇది. పవర్ వచ్చి బయోస్ కోడ్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) నడవడం మొదలవగానే ముందు ప్రాసెసర్ ఐడీ చూసుకుంటుంది. శాండీ బ్రిడ్జ్ అయితే 206ఏ7, ఐవీ బ్రిడ్జ్ అయితే 306ఏ9. ఆ ఐడీకి తగ్గ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే చిన్న కోడ్) బయోస్‌లో ఉండాలి. ఆ తర్వాత ర్యామ్‌ని సిద్ధం చేసే కోడ్, గ్రాఫిక్స్‌ని లేపే కోడ్, ఇవి కూడా ఆ జనరేషన్‌ని ఎరిగినవై ఉండాలి. వీటన్నిటితో పాటు చిప్‌సెట్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) ఒకటి నడుస్తుంటుంది. నీ హెచ్‌ఎమ్65 లాంటి 6 సిరీస్ చిప్‌సెట్లు వచ్చింది దాని 7వ వెర్షన్‌తో, ఐవీ బ్రిడ్జ్‌కి 8వ వెర్షన్ కావాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కథ డిస్‌ప్లే దాకా రాకముందే ఆగిపోతుంది. మరి ఫ్యాన్, లైటు ఎలా పనిచేస్తున్నాయి అంటావా? వాటిని చూసుకునేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిప్. ప్రాసెసర్ లేచినా లేవకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి ఫ్యాన్ తిరిగిందని సంబరపడక్కర్లేదు, స్క్రీన్ నల్లగా ఉందని బోర్డు మీద ఆశ వదులుకోనూ అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన మొదటి పని, భయపడి ఆపేసిన ఆ పనే. పాత ఐ3 మళ్లీ పెట్టు. బయోస్ ఫ్లాష్ (బయోస్‌ని కొత్తగా రాయడం), కొత్త ర్యామ్, బోర్డు మార్చడం, ఈ మాటలన్నీ దాని తర్వాతే. పాత చిప్‌తో ఒక్కసారి బూట్ అయిందంటే బోర్డు, ర్యామ్, స్క్రీన్, అడాప్టర్, నువ్వు బిగించిన కేబుళ్లు అన్నీ బాగున్నట్టు ఒకేసారి తేలిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఉప్పల్‌లో చూసినవాళ్లు పాత చిప్ ఏదని నిన్ను అడగలేదంటే, వాళ్లు సరిగ్గా చూడలేదనే నా అనుమానం.

పెట్టే పద్ధతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చిప్‌లు పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. అడాప్టర్ తీసెయ్, బ్యాటరీ తీసెయ్, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకో. పరుపు మీదో దుప్పటి మీదో కాదు, ఉత్త చెక్క టేబుల్ మీద పెట్టుకో. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఒంటి మీద స్టాటిక్ పోగవుతుంది. చిప్ ముట్టుకునే ముందు కిటికీ ఇనుప చువ్వనో మరో ఇనుప వస్తువునో ఒకసారి తాకు. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి ముందుకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పు. మధ్యలోని థర్మల్ పేస్ట్ పట్టేసి హీట్‌సింక్ రాకపోతే పైకి లాగకు, అటూ ఇటూ మెల్లగా మెలిపెట్టు, వదులుతుంది.

సాకెట్ అంచున చిన్న మైనస్ స్క్రూ ఒకటి ఉంటుంది, పక్కనే మూసిన తాళం, తెరిచిన తాళం గుర్తులు. తెరిచిన గుర్తు వైపు పూర్తిగా తిప్పాకే చిప్ తియ్యి. సగం తిప్పి ఎత్తితే పిన్నులు వంగుతాయి. స్క్రూ పూర్తిగా తిరిగితే చిప్ ఏ బలమూ అడగకుండా లేచి వస్తుంది. బలం వాడాల్సి వస్తోందంటే తాళం ఇంకా తెరుచుకోనట్టే. పెట్టేటప్పుడు చిప్ మూలనున్న చిన్న త్రిభుజం సాకెట్ మీది గుర్తుకు ఎదురుగా రావాలి. దాని బరువుకే అది కిందికి దిగిపోవాలి, వేలితో అదమకూడదు. దిగాక ఒక వేలితో అలా ఆనించి పట్టుకుని స్క్రూ మూసెయ్. ల్యాప్‌టాప్ చిప్‌కి డెస్క్‌టాప్ చిప్‌లా పైన లోహపు మూత ఉండదు. మెరిసే ఆ చిన్న దీర్ఘచతురస్రం నేరుగా సిలికానే. హీట్‌సింక్ ఒక పక్కకి వాలితే దాని మూల పెంకులా ఎగిరిపోతుంది. స్క్రూలు వంతులవారీగా తిప్పమన్నది అందుకే.

పాత పేస్ట్‌ని ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పల్చగా రాయి. పరీక్షే కదా అని హీట్‌సింక్ లేకుండా ఆన్ చేయాలనిపిస్తుంది, చెయ్యకు. కొన్ని క్షణాల్లోనే వేడెక్కి ఆగిపోతుంది, అప్పుడు ఆగింది వేడికా వేరే తప్పుకా అనేది నీకు తెలియదు. ఫ్యాన్ కేబుల్ కూడా పెట్టు.

పాత చిప్‌తో బూట్ అయితే, నీ ప్రశ్నకి సగానికి పైగా జవాబు దొరికినట్టే. ప్రధానంగా మిగిలేవి రెండు అవకాశాలు: బయోస్‌కి ఆ జనరేషన్ తెలియకపోవడం, లేదా ఆ చిప్పే పోయి ఉండటం. బూట్ అయ్యాక సీపీయూ-జెడ్ (లోపలి చిప్‌ల వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) వేసి చిప్‌సెట్ హెచ్‌ఎమ్65 అని నిజంగా చూపిస్తోందో లేదో చూడు, వెబ్‌సైట్లలో మోడల్ పేరు మీద రాసేవి నమ్మకు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బోర్డులు వస్తాయి. తర్వాత ఆ మోడల్‌కి హెచ్‌పీ ఇచ్చిన మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ దించుకో. అందులో ఆ ల్యాప్‌టాప్‌కి ఏయే ప్రాసెసర్లు ఇచ్చారో వరుసగా ఉంటుంది. డెల్, లెనోవో వాళ్లకీ ఇలాంటి మాన్యువల్స్ ఉన్నాయి. చిప్ కొనే ముందు చూడాల్సిన కాగితం అదొక్కటే, మిగతా అందరి మాటా తర్వాతే, నాతో సహా.

పాత చిప్‌తో కూడా డిస్‌ప్లే రాలేదనుకో. అప్పుడు టెన్షన్ పడకుండా ముందు నువ్వు ముట్టుకున్నవన్నీ ఒక్కొక్కటిగా చూడు. ర్యామ్ రెండూ తీసి, ఒక్కటే ఒక స్లాట్‌లో పెట్టి చూడు, తర్వాత రెండో స్లాట్‌లో. వీజీఏ లేదా హెచ్‌డీఎమ్‌ఐ ద్వారా బయటి మానిటర్ తగిలించు. దాంట్లో బొమ్మ వస్తే తప్పు స్క్రీన్ కేబుల్‌ది. సీమాస్ సెల్ (బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ) కాసేపు తీసి పెట్టు. బోర్డు బయటికి తీశావు కాబట్టి ప్రతి రిబ్బన్ కేబుల్‌నీ తీసి మళ్లీ గుచ్చు.

ఇంకొకటి, క్యాప్స్ లాక్ లైటు సంగతి నువ్వు రాయలేదు. పాత హెచ్‌పీల్లో అది పనికొచ్చే సాక్ష్యం. ఆన్ చేశాక ఆ లైటు బ్లింక్ అయి, ఆగి, మళ్లీ బ్లింక్ అవుతుంది. ఎన్నిసార్లో లెక్కపెట్టు. 1 అయితే ప్రాసెసర్, 2 అయితే బయోస్, 3 అయితే ర్యామ్, 4 గ్రాఫిక్స్, 5 మదర్‌బోర్డు, 6 బయోస్ ధ్రువీకరణ. డెల్ అయితే లైటు బదులు బీప్‌లు, 7 బీప్‌లంటే ప్రాసెసర్. ఇక్కడొక మెలిక ఉంది. మూడు బ్లింక్‌లు వచ్చాయని పరుగెత్తి ర్యామ్ కొనకు. మొదటి జనరేషన్ కోర్ ఐ సిరీస్ నుంచే ర్యామ్ కంట్రోలర్ ప్రాసెసర్‌లోకి వచ్చేసింది. చిప్ అడుగున ఒక పిన్ను వంగినా, సాకెట్ రంధ్రంలో పేస్ట్ చుక్క పడినా, బోర్డు దాన్ని ర్యామ్ తప్పుగానే చెప్తుంది. ఒక స్లాట్‌లో ర్యామ్ పనిచేసి రెండో దాంట్లో చేయకపోతే నేను ముందు చూసేది పిన్నులనే.

పిన్నులు చూడాలంటే చిప్‌ని వెల్లకిలా పట్టుకుని, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి, కంటిని వరుసకు సమానంగా పెట్టి చూడు. పైనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. వరుసలో ఒకటి తప్పి ఉంటే వెలుగు అక్కడ విరుగుతుంది. ఆ పిన్నుని సరిచేయడానికి 0.5 మెకానికల్ పెన్సిల్‌లో లెడ్ తీసేసి, ఆ ఖాళీ మొన పిన్నుకి తొడిగి, ఒక్క నూలువాసి నెట్టు. ఆగి చూడు, మళ్లీ నెట్టు. ఒక్క ఊపులో నిటారుగా లేపాలనుకుంటే విరుగుతుంది. విరిగిన పిన్ను అతికించేవాళ్లు ఉన్నారు కానీ ఈ ధర చిప్‌కి ఆ ఖర్చు దండగ.

ఇదంతా అయ్యాక కూడా పాత చిప్‌తో లేవకపోతే, అప్పుడు బోర్డు గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడైనా ‘బోర్డు పోయింది’ అన్న మాట దగ్గర ఆగకు. ఏ వోల్టేజ్ రావట్లేదని అడుగు. అడాప్టర్ నుంచి వచ్చే దాదాపు 19 వోల్టులు లోపలికి చేరుతున్నాయా, 3, 5 వోల్టుల లైన్లు ఉన్నాయా, ప్రాసెసర్‌కి వెళ్లే వీకోర్ అనే వోల్టేజ్ వస్తోందా? చిప్ లెవెల్ పని తెలిసినవాడు మల్టీమీటర్ పెట్టి ఈ మూడింటికీ నీ ముందే జవాబు చెప్తాడు. మీటర్ బయటికి తీయకుండానే బోర్డు మార్చాలన్నవాడి దగ్గర ల్యాప్‌టాప్ వదిలి రాకు.

ఇక, ‘బయోస్ అప్‌డేట్ చేసి ఇదే చిప్ నడిపించలేమా’ అని అడిగావు. దారి ఉంది, నీకు నేను చెప్పే దారి అయితే కాదు. ఇంటెల్ వైపు నుంచి హెచ్‌ఎమ్65కి ఐవీ బ్రిడ్జ్ పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. ల్యాప్‌టాప్ కంపెనీ బయోస్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ రెండూ మార్చి ఇచ్చిన చోట నడుస్తుంది. కాబట్టి పాత చిప్‌తో బూట్ అయ్యాక కంపెనీ సైట్లో చివరి బయోస్ ఏదో చూడు, దాని నోట్స్‌లో మూడో జనరేషన్ ప్రస్తావన ఉందో చదువు. ఉంటే బ్యాటరీ నిండుగా పెట్టి, అడాప్టర్ తగిలించి, పాత చిప్‌తోనే అప్‌డేట్ చెయ్యి, ఆ తర్వాతే చిప్ మార్చు. ఇంకాస్త లోతుకి వెళ్లాలనుకుంటే ఎమ్‌సీ ఎక్స్‌ట్రాక్టర్ అనే ఉచిత టూల్‌లో ఆ బయోస్ ఫైల్ వేసి చూడు. లోపల ఏయే ఐడీలకు మైక్రోకోడ్ ఉందో చూపిస్తుంది. 306ఏ9 లేకపోతే ఆశ వదులుకోవచ్చు. ఉంటే ఆశ ఉన్నట్టే కానీ హామీ కాదు, పైన చెప్పిన మిగతావి కూడా కుదరాలి.

అధికారికంగా లేనప్పుడు మోడ్ చేసిన (బయటివాళ్లు మార్చిన) బయోస్ అని నెట్‌లో దొరికేవి ఉంటాయి. వాటి జోలికి పోవాలంటే ముందు బోర్డు మీది 8 కాళ్ల బయోస్ చిప్‌ని ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి, బ్యాకప్ దాచుకోవడం తెలియాలి. అది లేకుండా ఫ్లాష్ చేస్తే బతికున్న బోర్డుని చేతులారా చంపుకోవడమే. ఒకవేళ అప్‌డేట్ మధ్యలో చెడిపోతే, చాలా హెచ్‌పీల్లో ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైల్ పెట్టి విండోస్ కీ, బీ కీ కలిపి నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే రికవరీ మొదలవుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

నేనైతే ఆ చిప్ తిరిగి ఇచ్చేసి రెండో జనరేషన్‌దే తీసుకుంటాను. ఇక్కడ రెండు దారులున్నాయి. ఐ7-2670క్యూఎమ్ అయితే 4 కోర్లు, 8 థ్రెడ్లు, టర్బోలో (అవసరమైనప్పుడు పెంచుకునే వేగంలో) 3.1 గిగాహెర్ట్జ్, కానీ 45 వాట్లు. నీ ఐ3 35 వాట్లది, హీట్‌సింక్ కూడా దానికి తగ్గట్టే పెట్టి ఉంటారు. శాండీ బ్రిడ్జ్ క్యూఎమ్ (4 కోర్ల, అంటే క్వాడ్) చిప్‌లలో 35 వాట్లది లేదు. సర్వీస్ గైడ్‌లో నీ బోర్డుకి క్వాడ్ కోర్ ఉందంటే ధైర్యంగా తీసుకో. హీట్‌సింక్ పార్ట్ నంబర్ వేరే ఇచ్చారేమో కూడా చూడు, అడాప్టర్ 65 వాట్లదైతే 90 వాట్లది కావాల్సి రావచ్చు. గైడ్‌లో క్వాడ్ లేకపోతే ఐ7-2640ఎమ్ గానీ ఐ5-2540ఎమ్ గానీ చాలు. 2 కోర్లే అయినా రెండూ 35 వాట్లవి. నీ ఐ3కి టర్బోనే లేదు, 2.3 దగ్గరే ఆగుతుంది. 2640ఎమ్ 3.5 దాకా వెళ్తుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గ్రేడిల్ బిల్డ్ (రాసిన కోడ్‌ని యాప్‌గా మార్చే పని) పెట్టినప్పుడు, వేడికి వేగం తగ్గించుకునే క్వాడ్ కంటే చల్లగా నడిచే డ్యూయల్ కోర్ నయం అనిపించే రోజులుంటాయి.

ప్రాసెసర్ సంగతి అలా ఉంచితే, ర్యామ్ ఎంతో నువ్వు చెప్పలేదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి 8 జీబీ కనీసం ఉండాలి. నీ ప్లాట్‌ఫాం రెండు స్లాట్లలో 16 జీబీ దాకా తీసుకుంటుంది. ఇంకా హార్డ్ డిస్కే ఉంటే చిప్‌కి పెట్టే డబ్బు ముందు సాటా ఎస్‌ఎస్‌డీకి పెట్టు, తేడా అక్కడ ఎక్కువ కనిపిస్తుంది. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్) వదిలేసి, యాప్‌ని నేరుగా నీ ఫోన్‌లో నడిపించి టెస్ట్ చెయ్యి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 11 ఈ తరం చిప్‌లను అధికారికంగా ఒప్పుకోదు, కాబట్టి లైనక్స్ వేసుకున్నా నష్టం లేదు.

ఇలాంటి ఇబ్బందితోనే ఇది చదివేవాళ్లకి రెండు మూడు మాటలు. హెచ్‌ఎమ్70 చిప్‌సెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఐ3, ఐ5, ఐ7 పెట్టకండి. బూట్ అవుతుంది, బాగానే నడుస్తుంది, సరిగ్గా 30 నిమిషాలకి ఆగిపోతుంది. అది వేడి కాదు, పేస్ట్ మార్చినా పోదు. ఆ చిప్‌సెట్‌ని సెలెరాన్, పెంటియమ్‌లకే పరిమితం చేశారు. మొదటి జనరేషన్ ఐ3 తీసి ఐ7-720క్యూఎమ్ పెట్టి నల్ల స్క్రీన్ చూస్తున్నవాళ్లుంటే, ఆ చిప్‌లో గ్రాఫిక్స్ లేవు. విడిగా గ్రాఫిక్స్ చిప్ లేని బోర్డులో అది ఎప్పటికీ బొమ్మ చూపించదు. పేరు చివర ‘యూ’ ఉన్నవీ, ఐదో జనరేషన్ నుంచి వచ్చిన మామూలు ల్యాప్‌టాప్ చిప్‌లూ బోర్డుకే అతికి ఉంటాయి, వాటిలో ఈ చర్చే లేదు.

తిరిగి సీటీసీకి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌ని పాత చిప్‌తో బూట్ అయ్యే స్థితిలో పట్టుకెళ్లు. ‘మీ చిప్ పోయింది’ అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది. ‘జనరేషన్ సరిపోలేదు, సెకండ్ జెన్‌లో మార్చి ఇవ్వండి, పైన ఎంతవుతుందో చెప్పండి’ అని అడుగు. కొత్తగా ఇచ్చే చిప్ మీద అక్షరాలు చదువు. మామూలు చిప్ మీద ‘ఎస్‌ఆర్’తో మొదలయ్యే చిన్న కోడ్ ఉంటుంది. ఆ చోట ‘క్యూ’తో మొదలైతే, లేదా ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే, అది ఇంజినీరింగ్ శాంపిల్ (అమ్మకానికి కాకుండా పరీక్షలకి చేసిన చిప్), ఎంత తక్కువకిచ్చినా వద్దను. పిన్నులు అక్కడే టార్చ్ వేసి చూసుకో. వీలైతే వాళ్ల కౌంటర్ మీదే చిప్ మార్పించి, బయోస్ స్క్రీన్‌లో పేరు కనిపించాకే డబ్బులివ్వు. ఈలోగా పాత చిప్ పెట్టి చూసి, క్యాప్స్ లాక్ ఎన్నిసార్లు బ్లింక్ అయిందో, బోర్డు మీద ముద్రించిన నంబర్ ఏంటో రాయి.